పడవెక్కిన బుధవారం

కజుయో ఆ బుధవారం పొద్దున ఇంటి తలుపుకు తాళం వేస్తూనే ఒట్టు పెట్టుకుంది. ఇవాళ చెప్పేయాలి. చెప్పకుండా ఇంటికి తిరిగి రాకూడదు. టోక్యోలోని ఉయెనో స్టేషన్లో దిగి, పార్కు వైపు గేటులోంచి బయటపడేసరికి ఆ ఒట్టుకు సగం బలం పోయింది. మిగతా సగాన్ని కూడా పోగొట్టడానికి ఆమె భర్త తదాషి, ఎండ లేకపోయినా టోపీ పెట్టుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మూడడుగుల వెనక వస్తూనే ఉన్నాడు.

"ఏమోయ్," అన్నాడు వెనకనుంచి. "మధ్యాహ్నం ఏం తింటున్నాం?"

"పొద్దున తిన్నదే ఇంకా అరగలేదు."

"అరిగిందని కాదు. ఊరికే అడిగాను."

ఊరికే అడగడమే ఇప్పుడు ఆయన ఉద్యోగం. అసలు ఉద్యోగం, అంటే ఉక్కు గొట్టాలు చేసే కంపెనీలో లెక్కల విభాగానికి పెద్దగా ఉండటం, పోయిన ఏడాది వసంతంతో అయిపోయింది. అది ఉన్నన్నాళ్ళూ తెల్లారగానే వెళ్ళి చివరి రైలుకు తిరిగొచ్చేవాడు. ఆదివారాలు పడుకునేవాడు. మొగుడు ఆరోగ్యంగా ఉండాలి, ఇంట్లో మాత్రం ఉండకూడదు, ఆడదానికి అంతకు మించిన భాగ్యం లేదని వాళ్ళ వీధిలో ఆడవాళ్ళు నవ్వుతూ అంటుంటారు. ఆ లెక్కన కజుయో ముప్పై ఏళ్ళకు పైగా మహా భాగ్యవంతురాలు. రిటైరైన మొగుణ్ణి అదే ఆడవాళ్ళు తడిసిన రాలుటాకు అంటారు. ఎంత ఊడ్చినా పోదు, చీపురునే పట్టుకుని వేలాడుతుంది.

తదాషి కూరగాయల కొట్టుకు వస్తాడు. ఆమె ముల్లంగి ఏరుతుంటే పక్కన నిలబడి, "అదిగో, దానికంటే ఇది లావుగా ఉంది కదా" అంటాడు. ఆమె జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్తే ఆ ఆడవాళ్ళ మధ్య కుర్చీలో కూర్చుని పాత పత్రికలు తిరగేస్తాడు. ఆమె ఎక్కడికి బయలుదేరినా, ఆమె కంటే ముందు బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి, "నేనూ వస్తా" అంటాడు. నగోయాలో ఉన్న కూతురు మిహో ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "అమ్మా, నాన్నని ఒక్కణ్ణే వదిలేయకు. పని మానేసిన మగాళ్ళు ఇంట్లో కూర్చుంటే ఎండిపోతారు." అందుకని ఆయన మొదటిసారి "నేనూ వస్తా" అన్నప్పుడు కజుయో "రండి" అంది. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ నాలుక కరుచుకుంటూనే ఉంది.

మిగతా రోజుల్ని ఆమె ఎలాగో ఓర్చుకుంది. బుధవారాన్నే ఓర్చుకోలేకపోయింది.

పెళ్ళికి ముందు కజుయో హచియోజిలో ఒక నేతశాలలో పనిచేసేది. పక్క మగ్గం మీద రిత్సుకో ఉండేది. పెళ్ళయ్యాక కజుయో మగ్గం దిగింది. రిత్సుకో పెళ్ళే చేసుకోలేదు, మగ్గమూ దిగలేదు. నెలలో ఒక బుధవారం ఇద్దరూ ఈ పార్కులో కలుసుకుని, మ్యూజియంలో పాత బట్టలు చూసి, చెరువు గట్టున కూర్చుని, నేత గురించి నోరు నొప్పెట్టేదాకా మాట్లాడుకునేవారు. ఏడాదిన్నరగా ఆ మాటల మధ్య తదాషి కూర్చుని, "దారం ఖరీదెంతుంటుంది?" అని అడుగుతున్నాడు.

ఇప్పుడు రిత్సుకోకు ఎక్కడో దూరాన ఓనోమిచిలో, కొండమీద, సముద్రం కనిపించే ఇల్లు వచ్చింది. పెద్దమ్మ పోతూ పోతూ ఇచ్చిపోయింది. ఇంట్లో రెండు మగ్గాలు. ఈ నెలాఖరుకు వెళ్ళిపోతోంది.

"వస్తావా, రావా?" అని అడిగింది మొన్న ఫోన్లో. "బుధవారం రాత్రికి చెప్పు. నువ్వు రాకపోతే మా పిన్ని కూతురు వస్తానంటోంది. దానికి దారమంటే ఏమిటో తెలీదు, అయినా ఒక్కదాన్నే ఆ కొండ ఎక్కి దిగలేను. ఈసారి నేను పార్కుకు రాను. మీరిద్దరే వెళ్ళండి. ఆయనకు చెప్పెయ్."

"చెప్తానే."

"చెప్తానే చెప్తానే అని వేసవి అంతా గడిపావు. నోరుంది కదే నీకు?"

నోరు ఉంది. అయితే మనసులో మాట నోరు తెరిచి చెప్పుకునే అలవాటే ఆ ఇంట్లో లేదు. ఎదుటివాళ్ళ ముఖం చూసి గ్రహించుకోవాలి. గ్రహించుకోలేనివాడు మొద్దు. కజుయో ఏడాదిన్నరగా తన ముఖాన్ని ఎన్ని రకాలుగా పెట్టి చూపించిందో లెక్కలేదు. నిట్టూర్చింది, గిన్నెలు చప్పుడు చేసింది, చారులో ఉప్పు మరిచిపోయింది. ఆయన ఉప్పు వేసుకుని తాగాడు.

మ్యూజియంలో ఆ నెల పాతకాలపు నిలువుటంగీలు పెట్టారు. అద్దం వెనక చేతులు చాపుకుని వేలాడుతున్న ఒక అంగీ ముందు కజుయో ఆగిపోయింది. బూడిద రంగు పట్టు మీద శరత్కాలపు గడ్డిపూలు. దగ్గరికి వెళ్తే గడ్డి, దూరంగా జరిగితే గాలి. ఎవరో ఒకామె ఏళ్ళ తరబడి కూర్చుని చేసిన పని. కజుయో వేళ్ళు వాటంతటవే కదిలాయి. ఇక్కడే చెప్పాలనుకుంది. ఈ బట్ట ముందు నిలబడి చెబితే ఆ గోడకైనా అర్థమవుతుంది.

"ఏమండీ, మీకొక మాట చెప్పాలి."

"చెప్పు." తదాషి పక్కనున్న పలక మీది అక్షరాలు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. పట్టు, బంగారు రేకు, ఫలానా ప్రభువు ఇంటి నుంచి వచ్చినది. చివరిదాకా చదివి, అంగీని తేరిపార చూసి, "ఇది వేసుకుని అన్నం ఎలా తినేవారంటావ్? పులుసు పడితే?" అన్నాడు.

కాపలా కూర్చున్న అమ్మాయి లేచి వచ్చి, మెల్లగా మాట్లాడమని వంగి వంగి బతిమాలింది. తదాషి ఆమె కంటే రెండింతలు వంగి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ వంగుళ్ళు ముగిసేసరికి చెప్పాల్సిన మాట కజుయో గొంతులోనే అణిగిపోయింది.

"ఏదో చెప్తానన్నావు?"

"ఏం లేదు."

"ఇక్కడ కుర్చీలు ఇంకొన్ని వెయ్యొచ్చు కదా," అన్నాడు ఆయన.

బయటికొచ్చి తోషోగూ ఆలయం వైపు నడిచారు. దారికి రెండు పక్కలా మనిషెత్తు రాతి దీపస్తంభాలు బారులు తీరి ఉన్నాయి. వాటిని ఇచ్చిన ప్రభువుల పేర్లు వాటిమీదే చెక్కి ఉన్నాయి. ఉంటే ఉండనీ అని లోకమంతా నడిచి వెళ్ళిపోతుంది. తదాషి అలా వెళ్ళలేడు. ఒక్కో స్తంభం ముందూ ఆగి, కళ్ళజోడు పైకెత్తి, నాచు పట్టిన అక్షరాల్ని కూడబలుక్కుంటాడు. కజుయో వెళ్ళి పది స్తంభాల అవతల నిలబడింది. ఆయన రాడు. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఏమండీ, వాళ్ళెవరూ మనకు చుట్టాలు కారు."

"పాపం, ఎంత దూరం నుంచి మోయించి ఉంటారో," అన్నాడు ఆయన.

బంగారు తాపడం చేసిన గుడి ముందు చిల్లర వేసి, రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, తదాషి కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ళు తెరవడే. వెనక జనం పేరుకున్నారు. ఒక ముసలామె గొంతు సవరించుకుంది. కజుయోకు తల కొట్టేసినట్టయింది. ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకుని లాగింది.

"అంతసేపు ఏం మొక్కుకుంటున్నారు?"

"చెప్తే ఫలించదు."

"మీకేం లోటని?"

ఆయన ఆమె ముఖం వైపు ఒకసారి చూసి, టోపీ పెట్టుకుని, నడిచాడు.

తర్వాత హనజోనో ఇనారి గుడి. వరసగా నిలబెట్టిన ఎర్ర ద్వారాల కింద నుంచి మెట్లు దిగాలి. వేరే దేశం కుర్రాళ్ళు కొందరు మెట్ల మధ్యలో నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. దారి మధ్యభాగం దేవుడిదనీ, మనుషులు పక్కగా నడవాలనీ తదాషి వాళ్ళకు చెప్పడానికి పూనుకున్నాడు. వాళ్ళకు ఈయన భాష రాదు. ఈయనకు వాళ్ళది రాదు. కాబట్టి నడిచి చూపించాడు. పైనుంచి కింది దాకా పక్కగా నడిచి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ నడిచాడు. కుర్రాళ్ళకు ముచ్చటేసి ఆయన్ని మధ్యలో నిలబెట్టి, సరిగ్గా దేవుడి దారిలోనే, ఫోటో తీసుకున్నారు. తదాషి రెండు వేళ్ళు చూపించి నవ్వాడు.

కజుయో కింద మెట్టు మీద నిలబడి ఇదంతా చూసింది. కంపెనీలో ఈ మనిషి పేరు చెబితే కింది ఉద్యోగులు వణికేవారట. ఆ మనిషి ఎటుపోయాడో, తనకు ఈ పిల్లవాణ్ణి ఎవరు అప్పగించారో ఆమెకు అంతు చిక్కలేదు.

కియోమిజు కన్నోన్ మందిరానికి చేరేసరికి ఆమె ఓపిక అడుగంటింది. గంధపు పొగలో నిలబడి, కావాలనే రెండుసార్లు ఫట్ ఫట్మని చప్పట్లు కొట్టింది.

"ఏమోయ్! ఇది బుద్ధుడి గుడి. ఇక్కడ చప్పట్లు కొట్టకూడదు."

"కొడితే ఏమవుతుంది? ఆయన లేచి పారిపోతాడా?"

"అది కాదు, పద్ధతంటూ ఒకటుంటుంది కదా..."

"పద్ధతి! పద్ధతి సంగతి మీరే చెప్పాలి."

ఆ మాటలో ఎంత విషం ఉందో ఆమెకే ఆశ్చర్యమేసింది. తదాషి మాత్రం చేతులు జోడించి, చప్పుడు లేకుండా, మళ్ళీ ఒక యుగం పాటు మొక్కుకున్నాడు.

మందిరం వసారాలోంచి చూస్తే, గుండ్రంగా మెలితిప్పిన దేవదారు కొమ్మ మధ్యలోంచి కింద చెరువూ, చెరువు నడుమ బెంటెన్ అమ్మవారి గుడీ కనిపిస్తాయి. దాని ఎదురుగా ఉన్న బల్లమీద కూర్చుని, కజుయో పొద్దున కట్టి తెచ్చిన అన్నం ముద్దలు విప్పింది. ఇక వాయిదా వేయకూడదు. తిన్నాక చెప్పాలి. "నేను రిత్సుకోతో వెళ్ళి ఉండాలనుకుంటున్నాను." ఒకే ఒక్క వాక్యం. రైల్లో ఎన్నిసార్లు వల్లె వేసుకుందో.

"ఏమండీ, నేను..."

"ఆగాగు." తదాషి ఎడమ బూటు విప్పాడు. మేజోడు తీశాడు. మడమ మీద పెద్ద బొబ్బ, చితికి ఎర్రగా ఉంది.

"ఇదేమిటి? ఎప్పటినుంచి?"

"మ్యూజియం దగ్గర మొదలైంది."

"అప్పుడే చెప్పొచ్చుగా! ఆ మెట్లు అన్నిసార్లు ఎందుకు ఎక్కి దిగినట్టు?"

"నువ్వు ఆ అంగీలు చూస్తున్నావు కదా, మధ్యలో ఎందుకని."

సంచీలో పట్టీ వెతికింది. ఆయన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, అతికించింది. అదే సమయంలో సంచీలో ఫోన్ మోగింది. రిత్సుకో పంపిన కబురు: చెప్పావా? కజుయోకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒళ్ళో మొగుడి కాలు పెట్టుకుని, నిన్ను వదిలి వెళ్తున్నానని ఏ ఆడదైనా ఎలా చెబుతుంది? ఈ మనిషికి బొబ్బ లేవడానికి ఇంకో రోజు దొరకలేదా?

"ఎవరు?" అన్నాడు తదాషి.

"రిత్సుకో."

"ఇవాళ ఎందుకు రాలేదు పాపం? ఆవిడ ఉంటే నీకు బావుండేది."

మెట్లు దిగి చెరువు దగ్గరికి వచ్చారు. తామరాకులు ఎండి, గోధుమరంగు తిరిగి, మెడలు వాల్చేశాయి. బెంటెన్ గుడిలో, వీణ పట్టుకున్న అమ్మవారికి తదాషి చేసిన మొక్కు అన్నిటికంటే పొడుగ్గా సాగింది. కజుయో ఎదురుచూడటం మానేసి గట్టు మీదకు నడిచింది. అవతల పడవల రేవు ఉంది. హంస ఆకారం పడవలు మెడలెత్తుకుని వరసగా నిలబడి ఉన్నాయి. ఇద్దరు కూర్చుని, కాళ్ళతో తొక్కుకుంటూ వెళ్ళాలి.

ఆ చెరువులో జంటగా పడవెక్కితే విడిపోతారని టోక్యోలో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ తెలుసు. గుడిలో అమ్మవారికి జంటల్ని చూస్తే కన్నుకుడుతుందట. కజుయో ఇలాంటివి నమ్మే మనిషి కాదు. అయితే పొద్దుటినుంచి ఆమెకు జరిగిన దాని తర్వాత దేన్నైనా నమ్మొచ్చనిపించింది. తన నోటితో కాని పని, పోనీ, అమ్మవారి చేతనైనా అవుతుందేమో.

కుంటుకుంటూ వచ్చిన మొగుడితో, "పడవెక్కుదాం," అంది.

నీళ్ళంటే ఆయనకు భయమని ఆమెకు తెలుసు. కాలు నొప్పని అంటాడనుకుంది. సాకు చెబుతాడనీ, తను బతిమాలాల్సి వస్తుందనీ అనుకుంది.

"పద," అన్నాడు తదాషి. అని ఆమె కంటే ముందు టికెట్ల గది వైపు నడిచాడు.

పడవ కదలడానికే తల ప్రాణం తోకకొచ్చింది. ఆమె ముందుకు తొక్కితే ఆయన వెనక్కి తొక్కాడు. ఆయన ముందుకు తొక్కేసరికి ఆమె అలిసి ఆగింది. చుక్కాని పిడి ఇద్దరి మధ్యా ఉంది, ఇద్దరూ పట్టుకున్నారు. హంస గిరగిరా ఒకేచోట తిరుగుతోంది. రేవులో కుర్రాడు మైకులో, "ఏడో నంబరు, ఇద్దరూ ఒకే వైపుకు తొక్కండి!" అని అరిచాడు.

"వదలండి పిడి!"

"నువ్వే వదులు. ఎడమకు తిప్పాలి."

"ఎడమకు ఏముంది?"

"కుడికి మాత్రం ఏముంది?"

అనుకుంటుండగానే ధడేలుమని ఇంకో హంసకు గుద్దుకున్నారు. అందులో ఇరవయ్యేళ్ళ లోపు అబ్బాయీ, జుట్టుకు టీ రంగు వేసుకున్న అమ్మాయీ ఉన్నారు. అబ్బాయి తమ తప్పే అన్నట్టు తలవంచి, "క్షమించండి బామ్మగారూ," అన్నాడు. అమ్మాయి మాత్రం అతని భుజం మీద చరిచింది.

"చెప్పానా నీకు, ఎక్కొద్దని? అప్పుడే మొదలైంది చూడు. అమ్మవారు మనల్ని విడదీస్తుంది!"

"ఎవరు నమ్ముతారే ఇవన్నీ? చూడు, తాతగారూ వాళ్ళూ ఎక్కలేదా?"

"పాపం వాళ్ళకు తెలీదేమో." అమ్మాయి పడవలోంచి ముందుకు వంగింది. "బామ్మగారూ, ఈ చెరువులో జంటగా పడవెక్కితే విడిపోతారంటారు, మీకు తెలీదా?"

కజుయో ఏదో అనబోయే లోపల తదాషి జవాబిచ్చాడు.

"తెలుసమ్మా. తెలిసే ఎక్కాం."

ఆ పిల్లలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకో మాట లేకుండా పెడళ్ళు టపటపా తొక్కుకుంటూ రేవు వైపు పారిపోయారు.

కజుయో పెడళ్ళు తొక్కడం ఆపేసింది. రిత్సుకో చెప్పేసిందా? తన ఫోన్ చూశాడా?

"ఏం తెలుసు మీకు?" అంది.

తదాషి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నీళ్ళవైపు చూస్తూ, "కోప్పడనంటే చెప్తా," అన్నాడు.

"చెప్పండి."

"నాకు ఈ మ్యూజియాలు చూస్తే నిద్రొస్తుంది."

"ఏమిటి?"

"ఆ కూరల కొట్టులో ఏం చూడాలో కూడా తెలీదు. ఆ జుట్టు కత్తిరించే చోట అయితే చచ్చిపోదామనిపిస్తుంది, అందరూ నన్నే చూస్తారు. రిటైరయ్యాక ఇంట్లో పడుకుని, చొక్కా విప్పేసి, రేడియోలో బేస్ బాల్ వింటూ, నిన్నటి అన్నం నేనే వేయించుకు తిందామనుకున్నాను. మిహో ఊరుకోలేదు. 'నాన్నా, ఇన్నేళ్ళూ అమ్మ నీకోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఇప్పుడైనా అమ్మ ఎక్కడికెళ్తే అక్కడికెళ్ళు' అంది. నిజమే కదా అనిపించింది. నువ్వు కూడా మొదటిసారి అడగ్గానే రమ్మన్నావు."

కజుయో నోరు తెరుచుకుని వింటోంది.

"అన్నీ మానేస్తాననడంలేదు నేను," అన్నాడు తదాషి గబగబా. "బుధవారం ఒక్కటి. బుధవారం నన్ను ఇంట్లో వదిలేసి నువ్వు వెళ్తే చాలు. అడిగితే నువ్వేం అనుకుంటావో అని, పొద్దుటినుంచి కనిపించిన దేవుడికల్లా అదే మొక్కుకున్నాను. నువ్వు పడవన్నావు. ఈ అమ్మవారు ఎలాగూ విడదీస్తుందంటారు కదా. బుధవారాలకైనా విడదీస్తుందేమో అని..."

కజుయోకు ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. పడవ ఊగింది. ఆ నవ్వు సగంలో ఉండగానే కోపం తన్నుకొచ్చింది. ఏడాదిన్నర! ఇద్దరు మనుషులు ఏడాదిన్నర పాటు, ఇష్టం లేకుండా, ఒకరికోసం ఒకరు కాళ్ళీడ్చుకుంటూ తిరిగారు. ఈయన బొబ్బలు లేపుకున్నాడు, తను పళ్ళు నూరుకుంది.

"అడగొచ్చుగా!" అని అరిచింది. "నోరు లేదా మీకు?"

"నువ్వు బాధపడతావని."

"నేను బాధపడతానని మీకెవరు చెప్పారు? నా ముఖం చూస్తే తెలీడంలేదా?"

"చూశాను. నిట్టూరుస్తున్నావు, గిన్నెలు విసిరేస్తున్నావు. నేను సరిగ్గా తోడుండటం లేదని అనుకున్నాను. అందుకే ఇంకాస్త దగ్గరగా నడిచాను."

ఇన్నేళ్ళూ ముఖాలు చూసి గ్రహించుకున్నామనుకున్నది అంతా తలకిందులుగా గ్రహించుకున్నారన్నమాట. ఇక ముఖాన్ని నమ్ముకుని లాభం లేదు. నోటితోనే చెప్పాలి. ఇప్పుడు అదేమంత కష్టం కాదనిపించింది కూడా. ఆయనే విడిగా ఉండాలంటున్నాడు కదా.

"అయితే నా మాట కూడా వినండి," అంది. "రిత్సుకోకు ఓనోమిచిలో ఇల్లొచ్చింది. మగ్గాలున్నాయి. నన్ను రమ్మంది. నేను వెళ్తాను."

తదాషి ముఖం విప్పారింది. "మంచిదే కదా! వెళ్ళు. బుధవారం బుధవారం వెళ్ళొస్తావా?"

"కాదు."

"మరి?"

"అక్కడే ఉంటాను. అన్ని రోజులూ."

నీటికాకి ఒకటి పడవ పక్కనే మునిగింది. అది మళ్ళీ ఎక్కడో దూరంగా తేలేదాకా తదాషి నీళ్ళవైపే చూశాడు. టోపీ అంచును వేళ్ళతో నెమ్మదిగా తిప్పుతున్నాడు.

"ఓనోమిచి అంటే," అన్నాడు చివరికి, "పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే దూరం కాదు."

"కాదు. కొత్త సంవత్సరానికి వస్తాను. వేసవిలో పెద్దల పండక్కి వస్తాను. మీరూ రావచ్చు, రావాలనిపిస్తే. మిహో చెప్పిందని మాత్రం రావద్దు."

"ఎప్పటినుంచి అనుకుంటున్నావు?"

"మగ్గం దిగిన రోజునుంచి."

ఆయన వద్దంటాడని ఆమె ఎదురుచూసింది. వద్దంటే అనడానికి వేసవంతా కూడబెట్టుకున్న మాటలు నాలుక చివరనే ఉన్నాయి. నా వయసులో ఇంకెన్నేళ్ళు చూపు ఆనుతుంది, ఇన్నేళ్ళూ మీరు ఇంట్లో ఉన్నారా, అప్పుడు నేను ఒంటరిగా లేనా. ఒక్కటీ వాడాల్సిన అవసరం రాలేదు.

"నీకు వెళ్ళాలని ఉందా?" అని అడిగాడు తదాషి.

పెళ్ళయ్యాక నీకేం కావాలని ఆయన ఆమెను అడగడం అదే మొదటిసారి. అడిగిన తీరు కూడా కొత్తగా, మోటుగా ఉంది.

"ఉంది," అంది కజుయో.

"అయితే వెళ్ళు."

మైకులో కుర్రాడు ఏడో నంబరును పిలిచాడు. తదాషి టోపీ పెట్టుకుని పిడి వదిలేశాడు. ఆమె రేవు వైపు తిప్పింది. ఇద్దరూ తొక్కారు. ఈసారి హంస తిన్నగా వెళ్ళింది.

గట్టెక్కాక కజుయో ఫోన్ తీసింది. తదాషి అలవాటుగా ఆమె వెనక రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. పక్కకు తిరిగి, ఎడమ కాలు కాస్త ఈడ్చుకుంటూ, నీళ్ళకు అవతలున్న బెంటెన్ గుడి కనిపించే చోటికి వెళ్ళి నిలబడ్డాడు.

"చెప్పావా?" అంది రిత్సుకో, హలో కూడా అనకుండా.

"చెప్పాను. వస్తున్నాను."

"ఏమన్నాడే ఆయన?"

కజుయో ఆయన వైపు చూసింది. తదాషి అమ్మవారి గుడి వైపు ముఖం పెట్టి, చేతులు జోడించకుండా, వంగకుండా, కంపెనీలో లెక్క తప్పిన గుమాస్తాను నిలదీసినట్టు నిలబడి ఉన్నాడు. గాలి ఇటు వీస్తోంది కాబట్టి మాటలు వినిపించాయి.

"అదేంటమ్మా," అంటున్నాడు. "నేనడిగింది బుధవారం ఒక్కటే కదా."

కజుయోకు ఏడుపొచ్చింది. ఫోన్లో చెప్పిన మాట మాత్రం మార్చుకోలేదు.